నాలుగు గంటల లోపల

జూన్ 2, సోమవారం

బెంగళూరు హైవే పక్కన తమకలో మొదటి రోజు. ఒక గది, ఒక వంటిల్లు, ముందు సిమెంటు అరుగు. అరుగు మీద కూర్చుంటే హైవే కనిపిస్తుంది. లారీ పోయినప్పుడల్లా కిటికీ రెక్క అదురుతుంది.

కె.జి.ఎఫ్.లో మా రాబర్ట్‌సన్‌పేట ఇంటికి తాళం వేసేటప్పుడు మోహన్ నా వైపు చూడలేదు. "కొన్నాళ్ళే గదా రేణూ, సామాను ఎందుకు ఎక్కువ?" అన్నాడు. పెళ్ళయిన దగ్గర నుంచి ఉన్న ఇల్లు. కొన్నాళ్ళు అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. నాకు మార్చడానికి గుండె దొరికేదాకా. లేదంటే...

డాక్టరు చెప్పింది ఒక్క మాట — ఫోన్ వచ్చిన రెండు గంటల్లో బెంగళూరు ఆసుపత్రిలో ఉండాలి. కె.జి.ఎఫ్. నుంచి అది నమ్మకంగా చెప్పలేం. దారిలో ఒక రైలు గేటు పడితే చాలు. అందుకని ఇక్కడ. గుమ్మం దిగితే హైవే.

మోహన్ ఇకపై ఇక్కడి నుంచే బంగారుపేట బ్యాంకుకు పోయి వస్తాడు. నేను పాఠాలు చెప్పే బడి సంగతి బడివాళ్ళు చూసుకుంటారు. మా పాప జాను క్యాసంబళ్ళిలో, మా అమ్మ దగ్గర.

నా బిడ్డ ఒక ఊళ్ళో, నేను ఒక ఊళ్ళో, నాకు రావలసిన గుండె ఏ ఊళ్ళో ఉందో తెలియదు.

జూన్ 5, గురువారం

ఆసుపత్రికి వెళ్ళి వచ్చాం. శైలజ అనే అమ్మాయి అన్నీ వివరించింది. గుండె దొరికితే మాకు ఫోన్ చేసేది ఈమేనట. ములబాగిలు పిల్ల, మన తెలుగే. ఆ మాట విని మోహన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"గుండె బయటికి తీసినాక నాలుగు గంటలే అక్కా. ఆ లోపల మీ ఒంట్లో పెట్టి, మళ్ళీ కొట్టించాల. కిడ్నీ అయితే ఇంగా కొంచేపు ఆగుతాది. గుండె ఆగదు."

"విమానంలో తెస్తారు గదమ్మా. ఎంత దూరం నుంచి తేవచ్చు?" మోహన్.

"విమానం ఎగిరే సేపు ఒకటే కాదు సార్. అక్కడ ఆసుపత్రి నుంచి ఎయిర్‌పోర్టుకు రావాల. ఇక్కడ దేవనహళ్ళిలో దిగి మళ్ళీ సిటీలోకి రావాల. కుట్టేదానికే గంట పడుతాది."

తిరిగి వచ్చేటప్పుడు కారు తీయకుండా ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. మంగళూరు గాలిలో మూడు వందల కిలోమీటర్ల చిల్లర. హుబ్బళ్ళి ఇంకొంచెం ఎక్కువ. రెండూ గంటలోపే. కలబురగి నాలుగు వందల అరవై... "అది కొంచెం కష్టం రేణూ" అన్నాడు. అక్కడెవరో మాకోసం నిలబడి ఉన్నట్టు.

ఆ గుండె ఉన్న మనిషి ఈ రోజు బజారుకు పోయి ఉంటాడు. లేక పోయి ఉంటుంది. బండి తోలుతూ ఉంటాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ ఉంటాడు. నేను అతని కోసం ఇక్కడ మకాం పెట్టాను.

జూన్ 8, ఆదివారం

అమ్మ వీడియో కాల్. వెనక చీకటి షెడ్డు. పట్టుపురుగులు నాలుగోసారి పొర విడిచే జ్వరం నుంచి లేచాయట. ఇంక వారం రోజులు అమ్మకు నిద్ర ఉండదు, ఆకు వేస్తూనే ఉండాలి. జాను చంకలో వేలాడుతోంది. ఫోన్‌ను నోట్లో పెట్టుకోబోయింది.

"బాగా తింటా ఉండాదిలే. నువ్వు దిగులు పెట్టుకోవద్దు. అమ్మవారికి మొక్కుకున్నా."

ఏమని మొక్కావమ్మా అని అడగబోయాను. అడగలేదు. గుండె కావాలని మొక్కితే, ఆ మొక్కు ఎవరి ఇంటి మీద పడుతుందో అమ్మకు తెలియదా? తెలుసు. ఆమె కూడా ఆకు వేస్తూ అదే ఆలోచిస్తుందేమో.

జూన్ 11, బుధవారం

రోజుకు ఒక సీసా నీళ్ళు. అంతకు మించితే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఇంకా పదకొండు కాలేదు, సగం అయిపోయింది. పెదాలు తడిపి మూత పెట్టాను.

జూన్ 14, శనివారం

మోహన్‌కు సెలవు. పొద్దుటి నుంచి ఒకటే మాట పట్టుకున్నాడు — చెన్నై. మంగళూరు కన్నా చెన్నై దగ్గర. గాలిలో మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు. రాయవేలూరు అయితే విమానమే అక్కర్లేదు. శైలజకు ఫోన్ చేసి అడిగాడు.

స్పీకర్ పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను. "ఏ రాష్ట్రంది ఆ రాష్ట్రం వాళ్ళకు మొదట సార్. అక్కడ ఎవురికీ పనికి రాకపోతేనే బయటికి ఇచ్చేది."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత అన్నాడు. "మా నాయన గనుల్లో గుమాస్తాగా ఉన్నప్పుడు, ఒకే బల్ల మీద ముగ్గురు. ఒకాయన తమిళం, ఒకాయన కన్నడం, మా నాయన తెలుగు. ఒకే క్యారియర్‌లో తిన్నారు. గుండెకు మాత్రం రాష్ట్రాల గట్టు అడ్డం వచ్చింది చూడు."

అక్కడ కూడా ఒక రేణుక ఉంటుంది. అరుగు మీద కూర్చుని ఉంటుంది.

జూన్ 20, శుక్రవారం

నిన్న ఫోన్ వచ్చింది.

పొద్దున ఇడ్లీ తింటున్నాను. మోహన్ బ్యాంకుకు బయలుదేరి గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. నా ఫోన్ మోగింది. శైలజ. "అక్కా, తినడం ఆపేయండి. హుబ్బళ్ళిలో ఒకటి ఉండాది. రండి."

హుబ్బళ్ళి. మోహన్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట — "గంట లోపలే!" చెప్పులు కాళ్ళకు వేసుకోవడం మరిచి కారు ఎక్కాడు. దారిలో నరసాపురం దాటేదాకా చూసుకోలేదు. హోసకోటె దగ్గర బండ్లు ఆగిపోయి ఉన్నాయి. స్టీరింగ్ మీద గుద్దుతూ, "జరగండప్పా, జరగండప్పా" అని ఎవరికీ వినపడని అరుపు.

చేరాం. రక్తం తీశారు. మందు సబ్బుతో స్నానం చేయించారు. ఆకుపచ్చ గౌను. గాజులు తీశారు. తాళి తీసి మోహన్ చేతిలో పెట్టాను. చొక్కా జేబులో వేసుకుని పైన చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక డాక్టరు వచ్చారు. హుబ్బళ్ళికి పోయిన వాళ్ళు ఛాతీ తెరిచి చూశారట. గుండె గోడ మందంగా ఉందట. పనికిరాదు. ఇలా జరుగుతూ ఉంటుంది, మనసులో పెట్టుకోవద్దు అన్నారు.

కారు దగ్గర, ఎండలో, మోహన్ తాళి నా మెడలో వేశాడు. కొక్కెం మూడోసారికి గానీ పడలేదు. పక్కన కారు తుడుస్తున్న డ్రైవరు పని ఆపి చూశాడు.

"ప్రాక్టీసు అయిందనుకుందాం" అన్నాడు మోహన్.

ఆకలి. ఇంటికి వచ్చి పొద్దుటి ఇడ్లీ తిన్నాను. ఎండిపోయి ఉంది.

జూన్ 22, ఆదివారం

ఏమీ లేదు.

జూన్ 29, ఆదివారం

అమ్మ జానును తీసుకుని వచ్చింది. పట్టుగూళ్ళు మార్కెట్టుకు పోయాయి, కొత్త పురుగులు రావడానికి ఇంకా టైముంది. రెండు బస్సులు మారి వచ్చారు. నేను అరుగు మీదే కూర్చుని ఎదురుచూశాను.

జాను నన్ను చూసి ఆగిపోయింది. అమ్మ చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. "పోమ్మా, అమ్మ దగ్గరికి పో" అని అమ్మ ముందుకు తోసింది. రాలేదు. నేను చేతులు చాచాను. నా మొహానికి ఉన్న మాస్కు చూసి భయపడిందని అమ్మ అంది. తీసి చూపిస్తే ఇంకా గట్టిగా ఏడ్చింది.

అన్నాలప్పుడు అమ్మను "మా" అని పిలిచింది. ముద్ద కావాలని. అమ్మ నా వైపు చూసి తల దించుకుంది. "అందరినీ అట్లే అంటాదిలే. ఆవును కూడా మా అంటాది" అంది.

నవ్వాను. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గితే ఆయాసం వచ్చింది, మోహన్ వచ్చి వీపు నిమిరాడు. జాను అదంతా దూరం నుంచి చూసింది, బజారులో పడిపోయిన వాళ్ళను చూసినట్టు.

వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది. నాకు కాదు. రోడ్డు మీద కుక్కకు.

జులై 4, శుక్రవారం

కాళ్ళు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉంటుంది. ఉప్పులేని సంగటి, ఉప్పులేని చారు. అరుగు మీంచి ఆకాశంలో విమానాలు. ఇంతకుముందు తల ఎత్తి చూసేదాన్ని కాదు. ఇప్పుడు ప్రతిదానికీ అడుగుతాను, యాడికి పోతా ఉండాది అని. మోహన్ ఫోన్‌లో విమానాల పటం తెరిచి, పైకెత్తి చెబుతాడు. కౌలాలంపూర్. చెన్నై. కలకత్తా. అన్నిటికీ టైము ఉంది, దిగే చోటు ఉంది.

జులై 10, గురువారం

అరుగు మెట్లు రెండే. ఎక్కలేకపోయాను. మోహన్ బ్యాంకులో ఉన్నాడు. కింది మెట్టు మీద కూర్చుని వాడు వచ్చేదాకా...

వాడు అని రాశాను. నాకు కోపం వచ్చినప్పుడు అలాగే వస్తుంది. ఎందుకు కోపం, పాపం ఆయన మీద.

జులై 18, శుక్రవారం

రాయాలి. రాయకపోతే ఇది లోపలే కుళ్ళుతుంది.

బుధవారం, మధ్యాహ్నం పన్నెండు గంటలకు. మోహన్ ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. శైలజ గొంతులో ఈసారి తొందర. "మంగళూరు అక్కా. మన డాక్టర్లే పోయి కళ్ళారా చూసినారు. చానా మంచి గుండె. చిన్న వయసు."

చిన్న వయసు.

దారి అంతా ఖాళీ. హోసకోటె కూడా ఖాళీ. అన్నీ కలిసి వచ్చాయని మోహన్ అన్నాడు. నా చెయ్యి వదల్లేదు, గేరు మార్చేటప్పుడు కూడా నా చెయ్యితో కలిపే మార్చాడు.

సబ్బు స్నానం, గౌను, టోపీ. తాళి అతని జేబులో. ఈసారి థియేటరు లోపలికే తీసుకుపోయారు. చల్లగా ఉంది. పళ్ళు కొట్టుకుంటుంటే ఒక నర్సు దుప్పటి కప్పింది. మత్తు ఇంకా ఇవ్వలేదు. అక్కడ ఎయిర్‌పోర్టు నుంచి మాట రావాలట.

ఎంతసేపు అలా పడుకున్నానో. పైన పెద్ద దీపం, ఆర్పి ఉంది. గోడ దగ్గర ఎవరో ఫోన్‌లో కన్నడలో అడుగుతున్నారు. అవతలి గొంతు స్పీకర్‌లో నాకు కూడా వినిపించింది. "ఇన్నూ టేకాఫ్ ఆగిల్ల." ఇంకా ఎగరలేదు. కొంచెంసేపటికి మళ్ళీ అదే మాట. మళ్ళీ.

తర్వాత పెద్ద డాక్టరు వచ్చి నా తల దగ్గర నిలబడ్డారు. మాస్కు కిందికి లాగారు. మాస్కు లాగగానే అర్థమైంది.

మిగతాది మోహన్ చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. పొద్దున మంగళూరులో వాన లేదట. గుండె తీసి పెట్టెలో పెట్టుకుని బయలుదేరినప్పుడు కూడా చినుకులేనట. పోలీసులు దారి ఖాళీ చేసి పంపారట. తీరా ఎయిర్‌పోర్టు చేరేసరికి...

"మబ్బు కిందికి దిగిందంట రేణూ. గుట్ట మీద గదా రన్‌వే. విమానం ముక్కు కూడా కనపడలేదంట."

"రోడ్డు మీద తేకూడదా?"

"ఘాట్ ఎక్కి రావాల. హాసన్ దాటేసరికే నాలుగు గంటలు అయిపోతాది."

అతను బయట బెంచీ మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాడట. తెర మీద ఆ విమానం చిన్న బొమ్మ. దాన్ని వేలితో ముందుకు జరపాలని చూశాడట. పటం జరిగింది. బొమ్మ మంగళూరులోనే ఉంది.

మంచి గుండె. జబ్బు లేదు, దెబ్బ లేదు. గంట దూరంలో. పెట్టెలో, మంచు మధ్య, ఎవరికీ కాకుండా.

జులై 19, శనివారం

శైలజకు ఫోన్ చేశాను. నేనే.

"ఆ ఇంటోళ్ళకు చెప్పినారా?"

ఎవరో అడగకుండానే తెలిసింది ఆమెకు. "చెప్పలేదక్కా. కిడ్నీలు, లివరు అక్కడే ముగ్గురికి పోయినాయి. గుండె కవాటాలు కూడా దాచిపెట్టినారు, చిన్నపిల్లలకు పనికొస్తాయి. అంతా వృథా కాలేదు."

"వాళ్ళమ్మ అడిగితే?"

అవతల ఇంకో ఫోన్ మోగింది, ఎత్తలేదు.

"గుండె కొట్టుకుంటా ఉండాదని చెప్పండి" అన్నాను. చెప్పి ఫోన్ పెట్టేశాను.

జులై 22, మంగళవారం

మోహన్ బ్యాంకు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే చెప్పాను. "నా పేరు తీసేయించు."

"ఏ పేరు?"

"గుండె లిస్టులో. నాకొద్దు. ఇంగొకరి చావు కోసం ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోలేను. ఇంటికి పోదాం. రాబర్ట్‌సన్‌పేటకు. ఎన్ని రోజులుంటే అన్ని రోజులు."

ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నేను చేసేదానికి ఇంగేమీ లేదు రేణూ. నాకు డాక్టరీ రాదు. వాన ఆపలేను. కారు తోలడం, యాడ ఏ ఎయిర్‌పోర్టు ఉండాదో చూసుకోవడం, ఇంతే నా చేతిలో ఉండేది. అది కూడా వద్దంటావా?"

బయటికి పోయాడు. అరుగు మీద కూర్చున్నాడు. కిటికీలోంచి వీపు కనిపిస్తోంది. భుజాలు కదులుతున్నాయి. లారీ పోయింది, కిటికీ రెక్క కొట్టుకుంది, నేను పట్టుకున్నాను.

పోయి పక్కన కూర్చోలేదు. ఏ ముఖంతో?

జులై 25, శుక్రవారం

అమ్మ ఒక్కతే వచ్చింది. జానును వదినకు అప్పజెప్పి. మోహన్ ఫోన్ చేసి ఉంటాడు.

నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాస్తూ చాలాసేపు ఊరి సంగతులు చెప్పింది. మల్బరీకి తెగులు. ఆవు ఈనింది. అప్పుడు, అదే గొంతుతో —

"మీ నాయన పోయినాక నేను కూడా పోతాననుకున్నా. అన్నం ముట్టలేదు. ఆ పొద్దే పురుగులు ఆఖరి జ్వరం నుంచి లేచినాయి. లేచి ఆకు కోసుకొచ్చినా. ఎవురూ చెప్పలేదు. అవి ఆకలిగా ఉండినాయి, కోసుకొచ్చినా, అంతే."

"అది వేరమ్మా."

"ఏమో తల్లీ. నాకు తెలిసింది అదొకటే."

లిస్టు గురించి ఒక్క మాట ఎత్తలేదు. పోతూ పోతూ మోహన్ తల మీద చెయ్యి పెట్టింది. "తిను అప్పా, నువ్వు కూడా తినాల" అంది. అతను చిన్నపిల్లాడిలా తల ఊపాడు.

పేరు తీయించలేదు. ఉంచమని కూడా నేను అనలేదు.

జులై 31, గురువారం

పరీక్షలు. డాక్టరు ఈసారి తెర నా వైపు తిప్పి చూపించలేదు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతోందట. ఇంకా పెరిగితే ఎంత మంచి గుండె దొరికినా పెట్టలేరట, కొత్త గుండె ఆ ఒత్తిడిని తోయలేదట. సోమవారం ఆసుపత్రిలో చేరాలి. డ్రిప్పు మీద ఉంచుతారు. గుండె దొరికేదాకా ఇక బయటికి పంపరు.

"చేరినోళ్ళకు వరసలో ముందు ఇస్తారు, అదొక మంచి" అన్నాడు మోహన్ కారులో.

నేను అడిగాను. "శనివారం క్యాసంబళ్ళికి తీసుకుపోతావా?"

"అటు పోతే రెండు గంటల్లో బెంగళూరు చేరలేము."

"తెలుసు."

"ఫోన్ వస్తే?"

"ఒక్క రోజు రాకుండా ఉండనీ. జాను నన్ను చూడాల. నేను పోతే దానికి నా మొహం కూడా గుర్తుండదు మోహన్."

టోల్ దాటింది. నరసాపురం దాటింది. తమక దగ్గర ఇండికేటరు వేస్తూ, "సరే" అన్నాడు.

ఆగస్టు 1, శుక్రవారం

శైలజ: "ఒక్క రోజు మీ పేరు పక్కన పెడతాము అక్కా. ఆ రోజు ఏదైనా వస్తే తర్వాత ఉండేవాళ్ళకు పోతాది. సరేనా?"

సరే అన్నాను.

ఆగస్టు 2, శనివారం

క్యాసంబళ్ళి.

కె.జి.ఎఫ్. మీదుగా పోయాం. గాలికి బంగారు గనుల సైనైడ్ దిబ్బల దుమ్ము లేస్తోంది, మోహన్ అద్దాలు ఎత్తేశాడు. రాబర్ట్‌సన్‌పేటలో మా వీధి మలుపు దగ్గర బండి నిదానం చేశాడు. వద్దన్నాను. పోనిచ్చాడు.

అమ్మ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసి ఉంచింది. లోపలికి నన్ను రానివ్వదు, నా నుంచి పురుగులకు, పురుగుల నుంచి నాకు ఏదైనా అంటుకుంటుందని. కొత్త పురుగులు ఆకు తింటున్నాయి. చిన్నప్పటి నుంచీ వింటున్న చప్పుడు, రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు. మంగళూరు గుర్తొచ్చింది. కొంచెంసేపటికి పోయింది.

జాను మొదట దూరంగా నిలబడింది. నేను పిలవలేదు. అమ్మ బుట్టలోంచి ఒక మల్బరీ ఆకు తీసుకుని వచ్చి నా ఒళ్ళో పెట్టి పారిపోయింది. మళ్ళీ ఒకటి. మళ్ళీ. నేను పురుగులా నోరు కదిపి తింటున్నట్టు చేశాను. కిలకిల నవ్వింది. ఒళ్ళంతా ఆకులు. చివరికి ఆకులతో పాటు తను కూడా ఎక్కింది. బరువు! తొడలు నొప్పి పుట్టాయి, దించలేదు. వేలు నోట్లో పెట్టుకుని నా రొమ్ము మీద తల వాల్చి నిద్రపోయింది. ఈ పాడు గుండె చప్పుడే దానికి జోల.

నిద్రలో "మా" అంది. ఎవరిని అన్నదో... నన్నే అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఏదో పాట కూనిరాగం తీస్తున్నానట. మోహన్ బేతమంగళం దగ్గర టీ తాగుతానని దిగి, ఫోన్ మాట్లాడి వచ్చాడు. ఎవరు అంటే, బ్యాంకు అన్నాడు.

ఆగస్టు 4, సోమవారం

చేరాను. మంచం పక్కన పంపు, చేతికి గొట్టం. కిటికీ ఉంది. ఎదురుగా ఇంకో బిల్డింగు గోడ.

ఆగస్టు 7, గురువారం

గది తుడిచే ఆమె కబుర్ల మనిషి. తిరుపతి వైపు. ఈ రోజు ధైర్యం చెబుతూ అంది —

"మీకు కూడా దొరుకుతుందమ్మా. ఆ చివరి గదిలో అబ్బాయికి శనివారమే పెట్టారు. విమానం గిమానం ఏమీ లేదు, ఇక్కడే బెంగళూరులోనే దొరికిందంట. పోలీసు బండి వెనకాలే వచ్చేసింది. ఏం అదృష్టమో!"

శనివారం.

శైలజ వచ్చినప్పుడు అడిగాను. "నా బ్లడ్ గ్రూపేనా?"

చేతిలోని కాగితాలు సర్దుకుంది. "అక్కా... అట్లా లెక్కలు వేసుకోకూడదు."

సాయంత్రం మోహన్ వచ్చాడు. మొహం చూడగానే అతనికి తెలిసిపోయింది, నాకు తెలిసిందని.

"బ్యాంకు కాదు గదా ఆ ఫోన్?"

"కాదు. ఊరికే అడుగుదామని నేనే చేసినా. శైలజ అబద్ధం చెప్పలేకపోయింది."

"నాకెందుకు చెప్పకపోతివి?"

"ఏమని చెప్పేది? కారులో నువ్వు పాట పాడతా ఉన్నావు."

అంతే. గొట్టం ఉన్న చెయ్యి పట్టుకోబోయి, ఇంకో చెయ్యి పట్టుకున్నాడు.

అన్ని ఊళ్ళ దూరాలూ చూశాడు. ఈ ఊరిని చూడలేదు. నేను కూడా.

ఆగస్టు 10, ఆదివారం

ఆ అబ్బాయి నడుస్తున్నాడు. ఇద్దరు పట్టుకుంటే, వరండాలో, చిన్న చిన్న అడుగులు. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. నా తలుపు దగ్గర ఆగి కన్నడలో అన్నాడు, మీకూ వస్తుంది అక్కా, ధైర్యంగా ఉండండి అని. కళ్ళల్లో ఎంత వెలుగు.

అతని ఛాతీ వైపే చూశాను. కోపం వచ్చింది. సిగ్గేసింది. మళ్ళీ కోపం వచ్చింది. వాళ్ళమ్మ వెనకే నడుస్తోంది, కొడుకు అడుగు వేసినప్పుడల్లా తనూ పెదాలు కదుపుతోంది. ఆమెను చూశాక కోపం ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

ఆ శనివారం మళ్ళీ వస్తే క్యాసంబళ్ళికి పోతావా అని మోహన్ అడిగితే ఏం చెబుతాను? అతను అడగలేదు. నన్ను నేనే అడుగుతున్నాను. పోను అంటాను. జాను తల బరువు ఇంకా ఇక్కడ ఉంది, రొమ్ము మీద. పోతాను అంటాను. తెలియదు.

ఆగస్టు 12, మంగళవారం

ఒత్తిడి ఇంకొంచెం పెరిగింది. మందు మోతాదు పెంచారు. అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడే ఓపిక లేదు. జాను అరుపులు విని పెట్టేశాను.

ఆగస్టు 13, బుధవారం

మోహన్ వరండాలో నిలబడి ఉన్నాడు, లోపలికి రాకుండా. ఫోన్ చూస్తున్నాడు. మొహంలో ఆ పాత తొందర. పిలిచి అడిగాను. మొదట ఏమీ లేదన్నాడు. అబద్ధం అతనికి ఎక్కువసేపు చేతకాదు.

కలబురగిలో ఒకరు. శైలజ ఎవరితోనో అంటుంటే విన్నాడట. ఇంకా ఏదీ ఖాయం కాదు. ఇంటివాళ్ళను అడిగారట. వాళ్ళు ఆలోచించుకుంటున్నారట. తండ్రి సరే అన్నాడు, తల్లి ఇంకా ఏమీ అనలేదు.

"దూరం కొంచెం ఎక్కువే. అయినా సరిపోతాది రేణూ. అక్కడ ఆకాశం తేటగా ఉండాదంట. చూసినా."

ఆ తల్లి ఏ గదిలో కూర్చుని ఉందో. చుట్టూ ఎంతమంది ఉన్నారో. బిడ్డ మంచం మీద ఉంటుంది, ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది, ఛాతీ పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. బిడ్డ పోయిందని ఆమె ఎలా నమ్ముతుంది?

ఒద్దు అను తల్లీ అనుకుంటున్నాను. వెంటనే, అనవద్దు, అనవద్దు...

శైలజ ఇప్పుడే వచ్చి పోయింది. నాకు తెలిసిపోయిందని మోహన్‌ను కసిరింది, ఆశ పెట్టుకోవద్దంది. ఇంకా జవాబు రాలేదట.

ఆ తల్లిని తొందరపెట్టవద్దని చెప్పమన్నాను.